"నా దగ్గర అంత లేదు" అనడం పిల్లలకు నేర్పామా?

సెప్టెంబరులో ఒక ఆదివారం. పొద్దున ఏడింటికి దోశల పెనం పొయ్యి మీద పెట్టానో లేదో, హాల్లో మా ఆయన ఫోను టింగుమంది. కాసేపటికి మళ్లీ టింగుమంది. మూడోసారికి ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఏందే ఇది, న్యూయార్క్ అని వస్తుంది?" అన్నారు.

మా పెద్దమ్మాయి బోస్టన్ దగ్గర ఎమ్మెస్ చేస్తోంది. పోయేటప్పుడు, ఆపదకు ఉంటుందని ఆయన క్రెడిట్ కార్డు మీద ఇంకో కార్డు తీసిచ్చాం. అక్కడ గీస్తే ఇక్కడ శామీర్‌పేటలో మెసేజ్ వస్తుంది. మనకు ఆదివారం పొద్దున ఏడైతే వాళ్లకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర. అంటే బిడ్డకు ఆపదేం రాలేదు, భోజనం చేస్తోంది అని అర్థమైంది. దోశ మాడింది.

సోమవారం ఫోన్‌లో నేను అడగకముందే ఏడ్చింది. "అమ్మా, కోపం చెయ్యకు. నలుగురం కలిసి న్యూయార్క్ పోయినం. 200 అయితదనుకున్న, 490 అయింది."

డాలరు 85 రూపాయల చొప్పున వేసుకున్నా నలభై ఒక్క వేల పైమాటే. ఒక్క శనివారం, ఒక్క ఆదివారం. మేడ్చల్ దగ్గరున్న మా ప్లాటు కాగితాలు లోను కోసం బ్యాంకులో ఉన్నాయి. నా నోటికి ఏమొస్తే అది అన్నాను. అవతల నుంచి మాట లేదు. ఫోను పెట్టేశాక నాకు భయం వేసింది. ఈసారి ఖర్చయితే ఇది నాకు చెప్తుందా?

మర్నాడు నేనే ఫోన్ చేసి, "తిట్టను, లెక్క చెప్పు బిడ్డా" అన్నాను. చెప్పింది. బస్సు రానూపోనూ 80. రూము నలుగురి మీద వేస్తే తలా 85. ఆ రూము చూపించినప్పుడు 260 అని చూపించిందట. దాని మీద హోటల్ పన్ను 14.75 శాతం, రాత్రికి మూడున్నర డాలర్ల ఇంకో పన్ను, ఆపైన హోటలువాళ్ల సొంత ఫీజు కలిసి 340కి చేరింది. ఎత్తైన బిల్డింగు పైకెక్కి చూడ్డానికి 50. మ్యూజికల్ నాటకం టికెట్ 110. శనివారం రాత్రి భోజనం 55. మిగతా తిండి 40, బండ్లు 25. ఫొటోల కోసం అక్కడే కొన్న జాకెట్టు 45.

ఆ భోజనం సంగతి వినండి. అక్కడ మెనూలో రాసిన ధర మనమిచ్చే ధర కాదు. న్యూయార్క్‌లో దాని మీద 8.875 శాతం పన్ను, 20 శాతం దాకా టిప్పు. 40 డాలర్లు అని ఉంటే చేతిలోంచి పోయేది 51 పైన. మా అమ్మాయి తిన్నది ఒక సూపు, బంగాళాదుంప వేపుడు. మిగతావాళ్లు ఇంకేవేవో తెప్పించుకున్నారు. చివర్లో ఒకరు ఫోన్ తీసి, స్ప్లిట్‌వైజ్‌లో నలుగురికీ సమానంగా వేసేశారు. "నేను ఇంతే తిన్న అని అనలేకపోయినవా?" అన్నాను. "ఎట్లంటనమ్మా, చిన్నతనం గాదా?" అంది.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ మాట నాదే.

ఈ గొడవకు రెండు వారాల ముందు మా కాలనీ ఆడవాళ్లం ఆరుగురం బతుకమ్మ షాపింగ్‌కని సిటీకి పోయాం. మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి, అంటే 2023 డిసెంబరు నుంచి, ఆర్టీసీ బస్సులో మనకు టికెట్ లేదు కదా. ఆధార్ కార్డు పర్సులో వేసుకుని, 1,500 రూపాయలు పెట్టుకుని బయల్దేరాను. బస్టాపులోనే ఒకావిడ, "పండగపూట బస్సులో ఏం నలుగుతాం, కారు బుక్ చేద్దాం" అంది. అందరం తలూపాం. నా వాటా 400. మధ్యాహ్నం పెద్ద హోటల్లో భోజనం 900. లాడ్ బజార్‌లో గాజులు 700. ఆఖర్న అందరం ఒకే రంగు చీర కట్టుకుందామని ఇంకొకావిడ అంది. 4,200. బాగుంది అన్నాను. నాకు ఆ రంగు నచ్చలేదు.

మొత్తం 6,200. ఇంటికొచ్చి మా ఆయనకు చీర రెండు వేలని చెప్పాను.

ఇప్పుడు చెప్పండి, ఆ 490 డాలర్లకు నా బిడ్డను తిట్టే అర్హత నాకెంత ఉంది?

డబ్బు విలువ పిల్లలకు తెలియదని మనం తేలిగ్గా అనేస్తాం. మా అమ్మాయికి తెలియక కాదు. క్యాంపస్ క్యాంటీన్‌లో గంటకు 15 డాలర్లకు గిన్నెలు తోముతోంది. చదువుకునే వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి క్యాంపస్‌లో పని చెయ్యకూడదు. ఆ లెక్కన 490 డాలర్లంటే 33 గంటల పని, ఒకటిన్నర వారం కష్టం. ఈ లెక్క నాకు చెప్పింది అదే. తెలిసీ ఖర్చు పెట్టింది. నలుగురిలో "నా దగ్గర అంత లేదు" అనలేక పెట్టింది.

ఆ మాట దానికి నేర్పిందెవరు? చిన్నప్పుడు స్కూలు పిక్నిక్‌కు డబ్బులు లేకపోతే, "జ్వరమొచ్చిందని చెప్పు" అన్నది నేనే. ఆవకాయ, పప్పుల పొడి, దేవుడి పటం, మందుల డబ్బా అన్నీ సర్ది పంపాను. లేదని ఒప్పుకోవడం తప్పు కాదన్న సంగతి మాత్రం సర్దలేదు.

ఆ నలుగురిలో ఒక పిల్ల బస్సెక్కకముందే చెప్పిందట, "నా దగ్గర 200 ఉన్నయ్, దాటను" అని. మిగతావాళ్లు ఓ పది నిమిషాలు మూతి ముడుచుకుని మర్చిపోయారు. వాళ్లు బిల్డింగు ఎక్కితే ఆమె స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఎక్కింది. దానికి టికెట్టే లేదు. అదే లిబర్టీ విగ్రహం ఎదురుగా పోతుంది. వాళ్లు నాటకానికి పోతే ఆమె సబ్‌వేలో ఫ్లషింగ్ పోయి, అక్కడి గణేశుడి గుళ్లో దండం పెట్టుకుని, గుడి క్యాంటీన్‌లో దోశ తిని వచ్చింది. సెంట్రల్ పార్కు, బ్రూక్లిన్ బ్రిడ్జి మీద నడక అందరికీ ఉత్తదే. "దానికి సిగ్గు లేదమ్మా" అంది మా అమ్మాయి మొదట. కాసేపాగి, "అది హాయిగ తిరిగింది" అంది.

మా ఆయన మాట ఇంకోటి. "అంత దూరం పోయి అది కూడా చూడకపోతే ఎప్పుడు చూస్తది? నేను చార్మినార్ ఎక్కింది పెళ్లయినంకనే" అన్నారు. నిజమే. పోవద్దని నేనూ అనను. ఇరవై మూడేళ్ల పిల్ల, వారమంతా చదువు, పని. నగరం చూడాల్సిందే. కాకపోతే తన లెక్కతో చూడాలి, పక్కవాళ్ల లెక్కతో కాదు. అంతకుమించి నా వాదన లేదు.

పిల్లలు బయట దేశంలో ఉన్న తల్లులకు ఇంకో రెండు మాటలు. మన కార్డు అక్కడ గీస్తే బ్యాంకు మూడున్నర శాతం దాకా అదనంగా వేస్తుంది, దాని మీద జీఎస్టీ. మెషీన్ "రూపాయల్లోనా, డాలర్లలోనా" అని అడిగితే డాలర్లే నొక్కమనండి, రూపాయలంటే రేటు ఇంకా ఎక్కువ పడుతుంది. బిల్లు గడువులోపు కట్టకపోతే క్రెడిట్ కార్డు వడ్డీ ఏడాదికి నలభై శాతం కూడా దాటొచ్చు. కాబట్టి ఖర్చయిన రోజే మనకు తెలియడం ముఖ్యం. తెలియాలంటే వాళ్లు చెప్పాలి. చెప్పాలంటే మనం మొదట వినాలి.

ఆ రోజు ఫోన్‌లో నా చీర సంగతి దానికి చెప్పేశాను. అటు నుంచి పెద్ద నవ్వు, "అమ్మా, నువ్వు గూడనా!" అని. ఆ తర్వాత అదే అంది, "నెలకు 60 చొప్పున కడ్త, నాన్నకు చెప్పు" అని. కట్టనివ్వమని ఆయనకు గట్టిగా చెప్పాను. బిడ్డ దగ్గర డబ్బులు తీసుకోవడమేంటని ఆయనకు మనసొప్పలేదు. అయినా మొదటి 60 వచ్చింది.

ఈ వారం మా కాలనీలో మళ్లీ పిలుపు వచ్చింది, ఆదివారం సిటీలో సినిమా, ఆపైన బఫే. "సినిమాకు వస్తాను, బఫేకు నా దగ్గర అంత లేదు" అన్నాను. నలభై ఆరేళ్లకు మొదటిసారి. ఎవరూ ఏమనలేదు. ఒకావిడ మాత్రం పక్కకొచ్చి, "నేనూ నీతో బస్సుకే వచ్చేస్తా" అంది.

నేను రాసేవి మా ఆయన చదువుతారు. అందుకని ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ చీర 4,200.