పాపికొండలకు పోవలెనా?

క్రిస్మసు సెలవులు సమీపించినప్పుడెల్ల మా విద్యార్థులు, "అయ్యా, మమ్ము పాపికొండలకు ఎప్పుడు తీసికొనిపోవుదురు?" అని యడుగుచుందురు. తలిదండ్రులలో పలువురు, "ఆ గోదావరి ప్రయాణము మాకు వలదు" అని యందురు. ఉభయుల మాటలును మన్నింపదగినవే. ఈ విషయమున మా యభిప్రాయమును విన్నవించుచున్నాము.

కోనసీమ బిడ్డలు గోదావరి నెరుగనివారు కారు. గౌతమీ వసిష్ఠల నడుమ పుట్టినవారు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినది మొదలు మన పొలములకు ఆ కాలువనీరే యాధారము. అయినను ఆ నీరు మన కాలువలకు చేరుటకు ముందు ఏ కొండల నడుమ ఇరుకున బడి ప్రవహించునో కన్నులార చూచినవారు మనలో నెందరు? కొబ్బరితోటల నీడయే కాని యడవి నీడ యెరుగని బాలునికి భూగోళపాఠము సగమే వచ్చినదని మా తలంపు. కావున పోవలెననుటయే మా పక్షము.

అయితే పోవుట సులభము; సిద్ధపడుట కష్టము. పాపికొండలు 1978లో అభయారణ్యముగను, 2008లో జాతీయోద్యానముగను ప్రకటింపబడినవి. వేయి చదరపు కిలోమీటర్లకు పైబడిన యా యరణ్యము పెద్దపులికి, చిరుతకు, అడవిదున్నకు, కణితికి నివాసము. అడవిలోనికి పోదలచినచో అటవీశాఖవారి యనుమతి ముందుగ పొందవలెను. మంచినీరు, మందులు మనమే మోసికొనిపోవలెను. అచట తరతరములుగ కొండరెడ్లు నివసించుచున్నారు. వారి గుడిసెల యెదుట గుంపుగ నిలిచి వింత చూచుట మర్యాద కాదు. పోలవరము ప్రాజెక్టు కారణమున దేవీపట్నము మొదలగు గ్రామములవారు ఇండ్లు వీడవలసివచ్చినది. పడవలో పాటలు పాడు బాలురు ఈ సంగతియు నెరిగియుండవలెను.

ఇక భయము మాట. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద విహారనౌక మునిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. అప్పుడు గోదావరి వరదలో నుండెను. మునిగిన నౌకను అక్టోబరు 22వ తేదీకి గాని వెలికి తీయలేకపోయిరి. దీనినిబట్టి మేము నేర్చికొన్నది, ప్రయాణము మానుకొనవలెనని కాదు, కాలమెరిగి చేయవలెనని. వరదలు తగ్గిన పిదప డిసెంబరు, జనవరి మాసములలోనే పోవలెను. పదిమంది పిల్లల కొక యుపాధ్యాయుడుండవలెను. పడవ యెక్కినది మొదలు దిగువరకు ఎవ్వరును లైఫ్ జాకెట్టు విప్పరాదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మేము పిల్లలతో రేవు చేరునప్పటికి మబ్బు క్రమ్మి ఈదురుగాలి లేచినది. పడవ యెక్కక వెనుకకు మరలితిమి. పిల్లలు కంట తడిపెట్టిరి. చెల్లించిన బాడుగ తిరిగి రాలేదు. ఒక తండ్రి మమ్ము పిరికివారనెను. ఆ దినమున పడవ క్షేమముగనే పోయి వచ్చినది. అయినను మేము పశ్చాత్తాపపడలేదు. నేడు నట్టి మబ్బే పట్టినచో మరల వెనుకకే వత్తుము.

తలిదండ్రులారా! పిల్లలను పంపుటకు ముందు ఎంత రుసుము, ఏమి భోజనము అని మాత్రమే యడుగకుడు. "అవసరమైనచో రేవునుండి మరలివత్తురా?" అని యడుగుడు. ఆ ప్రశ్నకు వెంటనే ఔననలేని యుపాధ్యాయునితో మీ బిడ్డను పంపవలదు; ఆ యుపాధ్యాయులము మేమే యైనను సరియే.