తప్పు బండిది కాదు, మన కాలిది

ట్రాక్టర్ తోలేవాళ్లకి కారు ఓ లెక్కా అనుకుంటాం. నేనూ అట్లే అనుకున్నా. సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు కొన్న ఆరు నెలలకే క్లచ్ ప్లేట్ కాలిపోయింది. అమ్మినాయన్ని తిట్టుకున్నా. మెకానిక్ నా పక్కన కూర్చుని ఊరి చివరిదాకా వచ్చి, "బండి మంచిదే బాబాయ్, నీ ఎడమ కాలే క్లచ్ మీంచి దిగట్లేదు" అన్నాడు. నిజమే, దుక్కిలో పడ్డ అలవాటు.

గేరు మార్చేటప్పుడు యాక్సిలేటర్ వదలాలి, క్లచ్ పూర్తిగా తొక్కాలి. గేరు పడ్డాక క్లచ్ మెల్లగా వదులుతూ యాక్సిలేటర్ అందుకోవాలి. ఆ తర్వాత కాలు తీసి పక్కన పెట్టాలి. చెరువు కట్ట ఎక్కేచోట ఆగితే హాఫ్ క్లచ్ మీద నిలబెట్టొద్దు, హ్యాండ్ బ్రేక్ వెయ్యండి.

నా మాటేంటంటే, ట్రాక్టర్ ఎంత వచ్చినా కారు మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే. యాభై దాటాక నేర్చుకోడానికి సిగ్గెందుకన్నా? ఆ ప్లేటుకి పెట్టిన డబ్బుతో నా ఎకరానికి ఎరువు వచ్చేది.