మురుగు పనికి గంటలు తక్కువ ఉండాలె

జర పొడుగు పోస్టు, సెలవు రోజు తీరికగ చదువుండ్రి.

"రూము ఫ్రీ, మెస్ ఫ్రీ, బస్సు ఫ్రీ, ఇంకేం కావాలెరా మీకు?" అని మనోళ్లే మనకు చెప్తుంటరు. దీనికి జవాబు ఒక పాత ఇంగ్లిషు నవలల ఉన్నది. పేరు ‘వాల్డెన్ టూ’. బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాసిండు, 1948ల వచ్చింది. వెయ్యి మంది దాకా కలిసి బతికే ఊరి కథ. అక్కడ గూడ రూము ఫ్రీ, తిండి ఫ్రీ, చేతికి జీతం లేదు. మన క్యాంపు లెక్కనే ఉన్నది గద అంటరేమో. కాదు. తేడా అంత పని లెక్కల ఉన్నది.

ఆ ఊర్ల మనిషికి ఏడాదికి 1,200 పని పాయింట్లు, అంటే రోజుకు సుమారు 4. సగటున గంటకు ఒకటి. అయితే అన్ని పనులకు ఒక్క రేటు కాదు. పూలతోట పని అందరికి ఇష్టం, దానికి పాయింట్లు తక్కువ. మురుగు కాలువ పని ఎవ్వనికీ ఇష్టం ఉండది, దానికి ఎక్కువ. అంటే మురుగు ఎత్తెటోడు అందరికన్న ముందు పని ముగించుకుంటడు. ప్లానర్లు అనే పెద్దలు గూడ కొంత ఒంటి పని చెయ్యాల్సిందే. చూడనీకి వచ్చిన ప్రొఫెసర్లతోని గూడ కిటికీ అద్దాలు కడిగిస్తరు. మిగిలిన పొద్దంత పాట, చదువు, ముచ్చట.

ఇగ మన దిక్కు చూడుండ్రి. మురుగు దిగెటోనికి, ఎండల రోడ్డు ఊడ్చెటోనికి జీతం అందరికన్న తక్కువ, గంటలు అందరికన్న ఎక్కువ. సౌదీల, ఎమిరేట్స్‌ల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 అంటది. బస్సుల పోయి వచ్చే గంటలు ఎవని ఖాతాల? రాత్రి వచ్చి వండుకొని పండుకునుడు తీరిక కాదు, రేపటి డ్యూటీకి తయారు అయ్యుడు.

"అది ఉత్త కథ" అంటే, ఆ కథ చదివి 1967ల అమెరికాల వర్జీనియాల ట్విన్ ఓక్స్ అని నిజంగనే ఊరు పెట్టిన్రు. ఇప్పటికీ నడుస్తున్నది. తర్వాత వేరు వేరు రేట్లు తీసేసిన్రు, ఏ పనైనా గంటకు గంటే. కానీ వంట, పిల్లలను చూసుకునుడు గూడ పని కిందనే రాస్తరు. మన ఇండ్లల్ల ఆడోళ్ల పని ఎవలు రాస్తున్రు?

అట్లని ఆ నవల ఊరు మొత్తం నాకు వద్దు. అక్కడ ప్లానర్లను జనం ఎన్నుకోరు. గొర్రెల ముచ్చట ఒకటి ఉన్నది. మొదలు కరెంటు తీగ కట్టిన్రు. గొర్రెలు దూరముండుడు నేర్చినంక తీగ తీసి ఉత్త దారం కట్టిన్రు. షాక్ ఎరుగని పిల్లలు గూడ పెద్ద గొర్రెలను చూసి దారం కాడ ఆగిపోతయి. మన పాస్‌పోర్టు కంపెనీ గుంజుకొని పెట్టుకునుడు ఈ రెండు దేశాల చట్టం ఒప్పుకోదు. అయినా అడగం. కొత్తగ వచ్చిన పిలగాడు సీనియర్లను చూసి ఆడు గూడ అడగడు. కొన్ని తీగలల్ల ఇంకా కరెంటు ఉన్నది, కాదనను. ఖల్లివల్లి కేసు పెడితే ఆగమైతం. కానీ ఏది తీగ, ఏది దారం అన్నది తెలుసుకోవాలె గద?

కంపెనీని తిట్టుడు అలక. మన రూములల్ల బాత్రూం ఎవలు కడుగుతున్రు? వంతు లేని కాడ చిన్నోడు కడుగుతడు, లేకుంటే కులం అడిగి ఆనికే చెప్తరు. విమానం ఎక్కి ఇంత దూరం వచ్చినా కులం సామాను బరువు తగ్గలేదు. ఇది ఏ కఫీల్ చెప్పింది కాదు.

అందుకే రెండు మాటలు. ఒకటి, బస్సు ఎక్కిన టైం, దిగిన టైం రోజు నోట్‌బుక్కుల రాయుండ్రి. ఓవర్‌టైం అడిగే రోజు అదే మన కాగితం. రెండు, రూముల వంతులు గోడకు రాయుండ్రి. బాత్రూం కడిగినోనికి ఆ వారం వంట మాఫీ. అందరి పేర్లు ఉండాలె, సీనియర్ పేరు మొదలు ఉండాలె.

మన చేతిల ఉన్న లెక్క మనం సరిగ్గ రాస్తే, కంపెనీ లెక్క అడగనీకి నోరు వస్తది.