తాళ్లన్నీ చేతికందితే...

బాపట్ల సూర్యలంకలో సముద్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు తెరచాప దించడం పెద్ద పనేం కాదు. అదే గాలి రేగితే? చుక్కాని వదిలి, ఊగిపోయే చిన్న పడవ మీద తడి చెక్కలు దాటుకుంటూ తెరచాప కొయ్య దాకా వెళ్లాలి. కాలు జారిందా, నీళ్లలోకే. మనిషి ఒంటరైతే పడవను వెనక్కి తిప్పేవాళ్లుండరు. రేపల్లె దగ్గరి నిజాంపట్నం మరపడవలకు ఈ బాధ లేదనుకోండి!

దీనికో ఉపాయం 1960లోనే కనిపించింది. ఒంటరిగా అట్లాంటిక్ దాటే తొలి పందెంలో బ్రిటన్‌కు చెందిన బ్లాండీ హాస్లర్ 25 అడుగుల ‘జెస్టర్’కు చైనా పద్ధతి తెరచాప కట్టాడు. తాళ్లన్నిటినీ పడవ మధ్యలో తాను నిలబడే చోటికే తెచ్చుకున్నాడు. 48 రోజుల్లో న్యూయార్క్ చేరి రెండోవాడిగా నిలిచాడు.

ఏర్పాటు కష్టమేం కాదు. కొయ్య పైనుంచి దిగిన తాడును మొదట్లో ఓ గిలక మీదుగా తిప్పి, చుక్కాని పట్టేవాడి ముందుకు తెస్తారు. అక్కడ దాన్ని జారకుండా కరిచిపట్టే బిగింపు ఉంటుంది. తెనాలి పల్లెల్లో నూతి గిలక మీద నీళ్లు తోడినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. కాకపోతే ప్రతి మలుపుకీ రాపిడి పెరిగి లాగడం బరువవుతుంది. కాళ్ల దగ్గరేమో తాళ్ల కుప్ప! ఏది దేనిదో తెలియడానికి తలో రంగు తాడు వాడతారు.

ఇంతా చేసి తెరచాప పైన ఇరుక్కుపోతే మళ్లీ కొయ్య దగ్గరకు పోవాల్సిందే, నడుముకు తాడు కట్టుకుని.