గడ్డివాము నీడన మొదలైన ప్రయాణం

పిల్లాడు పైచదువుకని విమానం ఎక్కితే, దిగీ దిగగానే ఇంటికి ఫోను రావాలి. అన్నం తిన్నావా, చలి ఎలా ఉంది, పక్క గదిలో మనవాళ్లెవరైనా ఉన్నారా... రెండు గంటలు ఆలస్యమైతే ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. అలాంటిది ‘మీ అమ్మాయిని ఈ లోకంలో మళ్లీ చూడలేకపోవచ్చు. అందుకు సిద్ధమేనా?’ అని కాబోయే మామగారినే అడుగుతూ ఉత్తరం రాశాడో కుర్రాడు. పేరు అడోనిరామ్ జడ్సన్. అమెరికాలోని మసాచుసెట్స్‌లో వేదాంత విద్యార్థి. అమ్మాయి ఆన్ హాసెల్‌టైన్, బళ్లో పాఠాలు చెప్పేది. ఆ తండ్రి నిర్ణయాన్ని కూతురికే వదిలేశాడు. ఆమె సరేనంది.

1812 ఫిబ్రవరి 5న పెళ్లి. మర్నాడు సేలం పట్టణంలోని చర్చిలో పాదిరీగా అభిషేకం. 19న ఓడ! వరుడికి 23, వధువుకి 22. అదే ఓడలో శామ్యూల్ న్యూవెల్, ఆయన కొత్త భార్య హారియెట్. ఆమెకైతే పద్దెనిమిదేళ్లే. మరో ఓడ ఫిలడెల్ఫియా నుంచి బయల్దేరింది. అందులో గోర్డన్ హాల్, లూథర్ రైస్, శామ్యూల్ నాట్ దంపతులు. అందరి గమ్యం కలకత్తా.

దీనికి ఆరేళ్ల ముందు ఓ వాన కథ ఉంది. 1806 ఆగస్టులో విలియమ్స్ కాలేజీ విద్యార్థులు ఐదుగురు పొలం గట్లమీదికి వెళ్లి ప్రార్థన చేసుకుంటున్నారు. ఉరుములు, మెరుపులతో వాన పట్టుకుంది. పక్కనే ఉన్న గడ్డివాము చాటుకి చేరారు. ఆసియా ఖండానికి సువార్త తీసుకెళ్లేది మనమే ఎందుకు కాకూడదు అనుకున్నారక్కడ. ఆ మాట చేయి మారి చేయి మారి ఆండోవర్ సెమినరీకి చేరింది. 1810లో విద్యార్థులే పెద్దల ముందుకెళ్లి అర్జీ పెట్టుకుంటే, విదేశాలకు ప్రచారకులను పంపే తొలి అమెరికన్ సంస్థ పుట్టింది. విచిత్రమేమిటంటే గడ్డివాము దగ్గరున్న ఐదుగురిలో ఆసియాకి వచ్చింది ఒక్కడే... జేమ్స్ రిచర్డ్స్. అదీ సింహళానికి.

సరిగ్గా ఆ వానకు నెలరోజుల ముందు మన పక్కన వెల్లూరులో సిపాయిలు తిరగబడ్డారు. 1806 జులై 10. కొత్త టోపీలు, బొట్టు మీద, గడ్డం మీద ఆంక్షలు... మతం జోలికొస్తున్నారని సిపాయిలకు అనుమానం. ఆ దెబ్బకు ఈస్టిండియా కంపెనీ పాదిరీ అన్నమాట వింటేనే ఉలిక్కిపడే స్థితికొచ్చింది. మన మతాల మీద ప్రేమతో కాదు లెండి, వ్యాపారం మీద బెంగతో. అక్కడ గడ్డివాము కింద కూర్చున్న కుర్రాళ్లకు ఈ సంగతేం తెలుసు?

నాలుగు నెలలు సముద్రం. కదలక మెదలక కూర్చుంటే ఒళ్లు పాడవుతోందని ఓడ మీద తాడాట ఆడారట. జూన్ 17న కలకత్తా చేరారు. ఆ మర్నాడే, అంటే జూన్ 18న, అమెరికా బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. ఆ కబురు సముద్రం దాటి రావడానికి నెలలు పట్టింది కానీ, వాళ్లు దిగింది మాత్రం శత్రువు ఇంట్లోనే అన్నమాట.

శ్రీరాంపూర్‌లో విలియం కేరీ ఆదరించాడు. ఆ మార్చిలోనే కేరీ గారి అచ్చుకూటం కాలిపోయింది. అయినా ఆయన మళ్లీ పనిలో పడ్డాడు. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన కేరీ ఈయనే. అతిథులకు మాత్రం ఆ నీడ ఎన్నాళ్లో దక్కలేదు. వచ్చిన ఓడలోనే తిరిగి వెళ్లిపొమ్మని కంపెనీ వారి హుకుం. వీళ్లను ఎక్కించుకుంటే తప్ప ఆ ఓడకు రేవు దాటే అనుమతి లేదు. బతిమాలితే మారిషస్ వెళ్లడానికి ఒప్పుకున్నారు. దొరికిన ఓడలో ఇద్దరికే చోటు. హారియెట్ గర్భిణి కాబట్టి న్యూవెల్ దంపతులే వెళ్లారు. దారిలో నెలలు నిండకుండానే పాప పుట్టి, ఐదు రోజులకే పోయింది. నవంబరు 30న పోర్ట్ లూయీలో హారియెట్ కూడా. అప్పటికి ఆమెకు పందొమ్మిది నిండి రెండు నెలలు కాలేదు.

ఆమె జీవితాన్ని తర్వాత పుస్తకంగా వేస్తే అమెరికాలో ఇంటింటా చదివారు. త్యాగమూర్తి అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ వయసు పిల్లను అంత దూరం పంపిన పెద్దల తొందర గురించి కూడా ఒక్క మాట అనుకోవాలనిపిస్తుంది.

కలకత్తాలో మిగిలిన జడ్సన్‌కి మరో సమస్య, అదీ సొంతంగా తెచ్చుకున్నది. తమ సంఘంలో పసిబిడ్డ తలమీద నీళ్లు చిలకరిస్తారు. కేరీ వాళ్లు బాప్టిస్టులు, పెద్దయ్యాక నమ్మి నీళ్లలో మునగాలంటారు. వాళ్లతో వాదించాల్సి వస్తుందేమోనని ఓడలోనే గ్రంథాలు తిరగేసిన జడ్సన్, చివరికి వాళ్లదే సరైనదనే నిర్ణయానికొచ్చాడు! మీరు మారినా నేను మారనని ఆన్ తెగేసి చెప్పింది. తర్వాత తానూ చదివి మనసు మార్చుకుంది. సెప్టెంబరు 6న ఇద్దరూ బాప్టిజం తీసుకున్నారు, నవంబరులో రైస్ కూడా. నిజాయితీకి ధర గట్టిదే... పంపిన సంస్థకు రాజీనామా ఇస్తే పరాయి దేశంలో జీతం రాళ్లు ఆగినట్టే.

నవంబరులో కంపెనీ వారు ఈసారి ఇంగ్లండుకే పొమ్మన్నారు. ప్రయాణికుల జాబితాలో వీళ్ల పేర్లు పత్రికల్లో కూడా వేసేశారు. వీళ్లు మాత్రం అర్ధరాత్రి కూలీలతో సామాన్లు మోయించుకుని మారిషస్ ఓడెక్కారు. నది మధ్యలో ఓడను ఆపి దింపేశారు. ఇంతలో ఎలాగో అనుమతి చీటీ చేతికొచ్చింది. పడవ కట్టించుకుని తరిమి తరిమి, సాగర్ దగ్గర ఓడను అందుకున్నారు. జనవరిలో పోర్ట్ లూయీ చేరితే, ఓడ మీదికొచ్చిన న్యూవెల్ ఒంటరిగా ఉన్నాడు. హారియెట్ లేదన్న కబురు అప్పుడే తెలిసింది.

అక్కణ్నుంచి రైస్ డబ్బు కూడగట్టడానికి అమెరికా తిరిగెళ్లాడు. ఆ తిరుగుడు వల్లే 1814లో అమెరికన్ బాప్టిస్టుల మిషన్ సంస్థ పుట్టింది. ఆ సంస్థ పంపగా 1836లో విశాఖపట్నంలో దిగిన శామ్యూల్ డే, 1840లో నెల్లూరు చేరాడు. ధాత కరువు తర్వాత, 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మందికి బాప్టిజమిచ్చిన క్లౌ దొరదీ ఆ మిషనే. నెల్లూరు, ఒంగోలు వైపు పాఠకులకు ఈ పేర్లు కొత్త కావు.

జడ్సన్ దంపతులు 1813 జూన్‌లో మద్రాసులో దిగారు. ఇక్కడా కంపెనీ రాజ్యమే. పట్టుకునేలోపు ఏ ఓడ కదిలితే అది ఎక్కాలి. కదలడానికి సిద్ధంగా ఉన్నది రంగూన్ వెళ్లే ఓ ముసలి ఓడ. బర్మా వద్దే వద్దని అందరూ చెప్పిన దేశం. దారిలో ఆన్‌కు బిడ్డ చనిపోయి పుట్టింది. జులై 13న రంగూన్ చేరారు.

పాఠం చెప్పడానికి దొరికిన పంతులుగారికి ఇంగ్లిష్ ముక్క రాదు, వీళ్లకు బర్మీస్ రాదు. కంటికి కనిపించిన వస్తువు మీద వేలు పెట్టి చూపిస్తే ఆయన పేరు చెప్పేవాడు. వీళ్లు రాసుకునేవారు. వంటా, బజారూ చూసుకునే ఆన్‌కే మాట్లాడటం ముందుగా వచ్చింది. ఆసియాకంతటికీ బోధిద్దామని వచ్చినవాళ్ల తొలి రోజులన్నీ అలా పలకా బలపం పట్టిన పిల్లల్లా గడిచాయి.