బస్సులు సరే, సంస్థ ఏదీ?

బస్సుల సమస్య ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ఢిల్లీ పెద్దలు బస్సుల సంఖ్యతోనే బదులు చెబుతారు. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి ఈ-బస్ సేవా పథకమూ అందుకు భిన్నం కాదు. 169 నగరాలకు 10,000 విద్యుత్ బస్సులు. అంచనా వ్యయం రూ. 57,613 కోట్లు, అందులో కేంద్రం ఇచ్చేది 20,000 కోట్లు. సక్రమమైన బస్సు సర్వీసులు లేని నగరాలకు ప్రాధాన్యం ఇస్తామన్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు 50 బస్సులు మంజూరైనవి. సంతోషమే. కాని వాటిని అజమాయిషీ చేయవలసిన సంస్థ ఏదీ?

బిలాస్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్-నాగపూర్ రైల్వే నాటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాలవారు రైల్వే కొలువులకు వెళ్ళి అక్కడ స్థిరపడినారు. నేడది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రాష్ట్ర హైకోర్టు ఉన్నదీ అక్కడనే. అయినా 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ నుంచి తనకు సంక్రమించిన భాగాన్ని నిలుపుకొనలేదు. రూట్లు ప్రైవేటువారి పరమైనవి.

అందువల్ల కలిగిన లోటు 2022 వేసవిలో బయటపడినది. విద్యుత్ కేంద్రాలకు బొగ్గు చేరవేయడానికని రైల్వే శాఖ ప్రయాణికుల రైళ్ళను పెద్ద సంఖ్యలో రద్దు చేసినది. ఆ దెబ్బ బాగా తగిలిన జోన్లలో బిలాస్‌పూర్ జోన్ ఒకటి. అటువంటప్పుడు అదనపు బస్సులు వేయమని ఆదేశించే ప్రభుత్వ అధికారి ఒకరు, ఆ ఆదేశం అందుకొనే డిపో ఒకటి ఉండాలి. ప్రైవేటు యజమాని కిట్టుబాటయ్యే రోడ్డు మీదనే తిరుగుతాడు. అతనిని తప్పుపట్టి ప్రయోజనం లేదు.

హైదరాబాదు చరిత్ర ఇందుకు భిన్నమైనది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక విభాగంగానే, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో, నేటి ఆర్.టి.సి.కి అంకురార్పణ జరిగినది. రైలూ బస్సూ ఒకే యాజమాన్యం కింద ఉండేవి. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం వచ్చిన తర్వాత కూడా రాష్ట్ర సంస్థల మూలధనంలో రైల్వేలు వాటా పెడుతూ వచ్చినవి. అది ఆగిపోయి చాలా కాలమైనది. రైల్వే పట్టణమైన బిలాస్‌పూర్‌కు ఆ భాగ్యం దక్కకపోవడం విచిత్రమే.

సామర్థ్యమనేది కొత్త బండితో పాటు దిగుమతి అయ్యే వస్తువు కాదు. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చినవి, ఒక్కొక్క బస్సు రోజుకు ఎంత దూరం తిరిగినది, సీట్లు ఎంత శాతం నిండినవి, దారిలో ఎన్ని బస్సులు చెడి నిలిచిపోయినవి అనే లెక్కలను ఆర్.టి.సి. డిపో మేనేజరు ప్రతిదినం చూసుకొనవలసినదే. కొత్త పథకంలో బస్సు నడిపే కంపెనీకి చెల్లింపు కిలోమీటర్ల లెక్కన జరుగుతుంది. బస్సు నిండినదా, ఖాళీగా పోయినదా అన్నది కంపెనీకి పట్టవలసిన అవసరం లేదు. కనుక రూటు, వేళలు నిర్ణయించే చెయ్యి సమర్థమైనదై ఉండాలి. మునిసిపల్ కార్పొరేషన్‌లో పది పనుల నడుమ పదకొండవ పనిగా ఇది సాగేది కాదు.

ఆర్.టి.సి.ల నష్టాల మాట ఎత్తేవారు ఉంటారు, కాదనలేము. 2019లో తెలంగాణలో 52 దినాల సమ్మె చూచినాము. మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో వచ్చినది. ఆ భారాన్ని ప్రభుత్వాలు సకాలంలో భరించకపోతే, బస్సులు పెంచకపోతే, కిక్కిరిసిన బస్సును చూపి సామర్థ్యమనుకొనే ప్రమాదం ఉన్నది. అయినా ఈ తగవులు పడడానికి మనకొక సంస్థ ఉన్నది. బస్సు రానప్పుడు ఎవరిని నిలదీయాలో మన ప్రయాణికునికి తెలుసు.

బిలాస్‌పూర్ ప్రయాణికునికి ఆ పాటి ఆధారమైనా కల్పించాలి. ఏ రైలుకు ఎందరు దిగుతారో, ఎన్ని గంటలకు దిగుతారో చెప్పగల జోనల్ కార్యాలయం ఆ ఊరిలోనే ఉన్నది. ఆ వివరాలు తెప్పించుకొని బస్సుల వేళలు ఖరారు చేసే అధికారి ఎవరో రాయపూర్ ప్రభుత్వం తేల్చాలి. తేల్చినదా అని ఢిల్లీ తన వాటా విడుదల చేసే ముందు అడగాలి.