ప్రశ్నించే హక్కుంది... వ్యవధే లేదు!

టెండర్లలో ఓడినవారి గోడు సకాలంలో వినే యంత్రాంగమేదీ?

జిల్లాలో రహదారి వేయాలన్నా, కాలువకు మరమ్మతులు చేయాలన్నా, వసతిగృహాలకు సరకులు సరఫరా చేయాలన్నా టెండర్లు పిలవడం పరిపాటి. సాంకేతిక బిడ్లు తెరిచిన రోజున ‘అనర్హులు’ అన్న ఒక్క మాటతో కొందరు పక్కకు తప్పుకోవలసి వస్తుంది. మిగిలినవారి ధరల బిడ్లు తెరిచి ఒకరికి పని ఖరారు చేస్తారు. ఆపై ఒప్పందం, యంత్రాల తరలింపు, పనుల ప్రారంభం చకచకా సాగిపోతాయి. తనకు అన్యాయం జరిగిందని భావించే గుత్తేదారుకు ఈలోగా మిగిలేది కొద్దిరోజులే. ఆ కొద్దిరోజుల్లో ఎవరి తలుపు తట్టాలన్నదే ప్రశ్న.

ఇది గుత్తేదారుల మధ్య తగాదా మాత్రమే కాదు. అర్హుడిని అకారణంగా తప్పిస్తే పోటీ తగ్గి ఖజానాకు గండి పడుతుంది. ఓడినవారు అక్కసుతో కోర్టుకెక్కి పని ఆపిస్తే ఇక్కట్లు ప్రజలకు. ఈ రెండు ప్రమాదాలనూ నివారించగలిగేది సత్వర విచారణ ఒక్కటే. మన వ్యవస్థలో కొరవడింది సరిగ్గా అదే.

గెలిచీ ఓడిన కేసు

ఈ విషయంలో 1979 నాటి సుప్రీంకోర్టు తీర్పు నేటికీ ప్రామాణికం. బొంబాయి విమానాశ్రయంలో రెండో తరగతి రెస్టారెంటు నిర్వహణకు అంతర్జాతీయ విమానాశ్రయాల సంస్థ టెండర్లు పిలిచింది. రెండో తరగతి హోటల్ నిర్వహణలో అయిదేళ్ల అనుభవం తప్పనిసరి అని షరతు విధించింది. తీరా ఆ అనుభవం లేని వ్యక్తికే పని అప్పగించింది. దీన్ని రమణ దయారామ్ శెట్టి కేసులో సవాలు చేశారు. ప్రభుత్వ సంస్థ తాను పెట్టిన నిబంధనకు తానే కట్టుబడి ఉండాలని, లేకుంటే రాజ్యాంగంలోని 14వ అధికరణాన్ని ఉల్లంఘించినట్లేనని జస్టిస్ పి.ఎన్.భగవతి నేతృత్వంలోని ధర్మాసనం తేల్చిచెప్పింది. అయినా కాంట్రాక్టును మాత్రం రద్దు చేయలేదు. పిటిషనరు అయిదు నెలలకు పైగా జాప్యం చేయడం, ఈలోగా పని దక్కించుకున్న వ్యక్తి సొమ్ము వెచ్చించి ఏర్పాట్లు చేసుకోవడం అందుకు ప్రధాన కారణాలు. సూత్రం నిలిచింది, ఊరట దక్కలేదు.

అనంతరం న్యాయసమీక్ష పరిధి మరింత కుదించుకుపోయింది. టెండరు నిర్ణయంపై తాము అప్పీలు విచారణ జరపబోమని, నిర్ణయానికి వచ్చిన తీరును మాత్రమే పరిశీలిస్తామని 1994లో టాటా సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2006లో జగదీశ్ మండల్ కేసులో రెండు ప్రశ్నలు నిర్దేశించింది. దురుద్దేశమో, పక్షపాతమో, విచక్షణ కలిగిన ఏ అధికారీ తీసుకోలేనంత నిరంకుశ నిర్ణయమో ఉందా? ప్రజాప్రయోజనానికి భంగం కలిగిందా? రెండింటికీ జవాబు ‘లేదు’ అయితే కోర్టు జోక్యం చేసుకోరాదన్నది దాని సారాంశం.

రహదారి ఆగితే...

కోర్టుల సంకోచానికి కారణం లేకపోలేదు. జార్ఖండ్‌లో నగర్‌ఉంటారీ-ధుర్కి-అంబాఖోరియా రహదారి పునర్నిర్మాణ టెండరులో బ్యాంకు గ్యారంటీ నిర్దేశిత నమూనాలో లేదంటూ ఒక బిడ్డరును అనర్హుడిగా ప్రకటించారు. ఆయన హైకోర్టులో నెగ్గారు. కానీ 2022 మార్చిలో ఎన్.జి.ప్రాజెక్ట్స్ కేసుగా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఈ వివాదంలో ఆ ఉత్తర్వులు వీగిపోయాయి. ఇటువంటి పనులపై స్టే ఇవ్వడంలో కోర్టులు సంయమనం పాటించాలని, తప్పు జరిగినట్లు తేలితే నష్టపరిహారం మార్గం చూపాలని సుప్రీంకోర్టు సూచించింది. మౌలిక వసతుల పనులకు ఆటంకం కలిగించే స్టేలను నియంత్రిస్తూ నిర్దిష్ట పరిహార చట్టాన్ని 2018లో సవరించిన సంగతి విదితమే.

పని ఒప్పందాల వివాదాల్లో స్టే ప్రభావం ఆంధ్రప్రదేశ్‌కూ అనుభవమే. పోలవరం జలవిద్యుత్ కేంద్రం ఒప్పందాన్ని ప్రభుత్వం రద్దు చేసి రివర్స్ టెండరుకు వెళ్లగా, నవయుగ సంస్థ హైకోర్టును ఆశ్రయించింది. 2019 ఆగస్టులో విధించిన స్టే అక్టోబరు 31న తొలగింది. రెండు నెలలకు పైగా కాలం న్యాయవివాదంలోనే గడిచింది. ఆ రివర్స్ టెండరు విధానాన్నే 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేయడం కొసమెరుపు.

అలాగని కోర్టుల తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు. కోల్‌కతాలో రెండు అండర్‌పాస్‌ల నిర్వహణ కాంట్రాక్టును అక్కడి మెట్రోపాలిటన్ అభివృద్ధి సంస్థ రద్దు చేయడం నిరంకుశమంటూ 2024 జులైలో సుప్రీంకోర్టు ఆ రద్దును కొట్టివేసింది.

వంద రోజుల్లో తీర్పు

అమెరికాలో పరిస్థితి భిన్నం. కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టులపై అభ్యంతరాలను అక్కడి పార్లమెంటుకు అనుబంధమైన జీఏఓ అనే జవాబుదారీ కార్యాలయం విచారిస్తుంది. కారణం తెలిసిన పది రోజుల్లో సాధారణంగా ఫిర్యాదు చేయాలి. వంద రోజుల్లో నిర్ణయం వెలువడాలి. 1984 నాటి చట్టం ప్రకారం సకాలంలో ఫిర్యాదు అందితే పని దానంతటదే నిలిచిపోతుంది. అత్యవసరమని ప్రభుత్వం రాతపూర్వకంగా నిర్ధారిస్తేనే మినహాయింపు. 2008 ఫిబ్రవరిలో 179 ఇంధన విమానాల కాంట్రాక్టును వైమానిక దళం నార్త్‌రాప్-ఈఏడీఎస్ జట్టుకు ఇవ్వగా బోయింగ్ ఫిర్యాదు చేసింది. టెండరులో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం మదింపు జరగలేదంటూ జీఏఓ అదే ఏడాది జూన్‌లోనే ఆ ఫిర్యాదును సమర్థించింది. చివరకు 2011లో కాంట్రాక్టు బోయింగ్‌కు దక్కింది. తిరిగి టెండరు పిలిచి ముగించడానికి ఏళ్లు పట్టినా, తప్పు ఎక్కడ జరిగిందో నెలల్లోనే తేలింది.

మన దగ్గర కేంద్రం 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనల్లో బిడ్డరు ప్రశ్నించేందుకు వీలు కల్పించాలని, తిరస్కరణకు కారణాలు అడిగితే చెప్పాలని పేర్కొంది. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకత చట్టాలు చేసి అప్పీలుకు చోటిచ్చాయి. తమిళనాడులో అప్పీలు గడువు పది రోజులే. అయితే అప్పీలు వినేది ప్రభుత్వమే. స్వతంత్ర కమిటీలను ప్రతిపాదించిన కేంద్ర ప్రజా సేకరణ బిల్లు 2012లో లోక్‌సభ ముందుకు వచ్చి, 2014లో సభ గడువుతోపాటే మురిగిపోయింది. సమాచార హక్కు చట్టం కింద వివరాలు కోరినా జవాబుకు 30 రోజుల గడువుంది. ఆలోగా పునాదులు లేచిపోవచ్చు!

చేయవలసిందేమిటి?

గుత్తేదారులకు ఈ తీర్పులు చెబుతున్న జాగ్రత్త ఒక్కటే. షరతులు అన్యాయమనిపిస్తే బిడ్ వేయకముందే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. అనర్హత వేటు పడితే ఆ రోజే కారణాలు కోరాలి. పోటీలో పాల్గొని, ఓడాక షరతులను తప్పుబడితే కోర్టులు సాధారణంగా హర్షించవు.

ప్రభుత్వాలు చేయవలసినవి మూడు. అనర్హతకు కారణాలను వెంటనే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫలితానికీ, ఒప్పందానికీ మధ్య కనీసం పది రోజుల విరామం పాటించాలి. ఆ వ్యవధిలో వచ్చిన ఫిర్యాదును టెండరు పిలిచిన శాఖతో సంబంధం లేని అధికార సంస్థ నిర్ణీత గడువులో తేల్చాలి. ఆకతాయి ఫిర్యాదులను అరికట్టేందుకు ధరావతు సొమ్ము కట్టించుకోవచ్చు. పది రోజుల విరామంతో ఏ రహదారీ ఆగిపోదు. పది నెలల స్టేతో మాత్రం తప్పక ఆగుతుంది. ఈ వాస్తవాన్ని పాలకులు గుర్తించనంత కాలం ఓడిన గుత్తేదారుకు కోర్టు గుమ్మం, ఊరి జనానికి గుంతల దారి తప్పవు.